సంపు నీటిలో పెట్రోలు వాసన: మరిగిస్తే సరిపోతుందా, ఏ పరీక్ష చేయించాలి?

మర్రిపాలెం వాసి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలో మర్రిపాలెం దగ్గర ఒక పాత అపార్టుమెంటు. కార్పొరేషన్ కుళాయి నీరు, మా ఆవరణలోని బోరు నీరు రెండూ ఒకే సంపులో పడతాయి. అక్కడి నుంచి మోటారు వేస్తే మేడమీది ట్యాంకులకు ఎక్కుతాయి. కొద్ది రోజులుగా గీజరు కుళాయి తిప్పగానే స్నానాలగదిలో పెట్రోలు వాసన గుప్పుమంటోంది. బిందెలో పట్టిన చన్నీళ్ళలో అది లీలగా తెలుస్తుంది, మూత పెట్టకుండా రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఏమీ తెలియదు. నీరు తేటగానే ఉంది, రంగు మారలేదు.

ప్లంబరు చూసి బ్లీచింగు ఎక్కువై ఉంటుందన్నాడు. అసోసియేషన్ వారు టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) చూపే మీటరు పెట్టి చూస్తే 310 వచ్చింది కనుక నీరు బాగానే ఉందని తేల్చేశారు. కొందరు మరిగించి తాగుతున్నారు, కొందరు ఆర్వో ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నారు, ఇంకొందరు టిన్ను నీళ్ళు తెప్పించుకుంటున్నారు. మా పై అంతస్తులో నెలలు నిండుతున్న ఒక అమ్మాయి ఉంది. ఆమె తల్లి వచ్చి, వంటకు ఈ నీరు వాడవచ్చా అని నన్ను అడిగారు. ధైర్యంగా ఏ జవాబూ చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

సింహగిరి

మర్రిపాలెం వాసి గారూ, మీ ఆందోళన అర్థమయింది, కానీ ఒక మనవి. పరీక్ష జరగకముందే ఈ విషయాన్ని వాట్సాప్ గుంపుల్లోకి పంపకండి. 2020 మే నెలలో విషవాయువు వెలువడిన తరువాత మన ఊరిలో వాసన అన్న మాట వింటేనే జనం ఇళ్ళు వదిలి పరుగు తీసే పరిస్థితి ఉంది. కొత్తగా అతికించిన పీవీసీ పైపుల సొల్యూషన్ వాసన కూడా కొన్నాళ్ళపాటు నీటిలో వస్తుంది. సంపుకు ఈ మధ్య రంగు గానీ, నీరు కారకుండా వేసే పూత గానీ వేయించారేమో ముందు కనుక్కోండి. టీడీఎస్ 310 అంటే మంచి నీరే కదా.

ప్రయోగశాల

సింహగిరి గారు చెప్పిన పైపుల సొల్యూషన్, సంపు పూత అనే రెండు కారణాలూ నిజంగా పరిశీలించవలసినవే. అయితే టీడీఎస్ సంగతి మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఆ చిన్న మీటరు మీద మన ఇళ్ళలో పెట్టుకున్న నమ్మకం ప్రమాదకరమైనది. ఆ మీటరు నిజానికి కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. ఉప్పు, సున్నం, మెగ్నీషియం వంటివి నీటిలో కరిగి అయాన్లుగా విడిపోతాయి కనుక వాటిని అది పట్టుకుంటుంది. పెట్రోలులోని బెంజీన్, టోలూయీన్, జైలీన్ గానీ, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ గానీ అలా విడిపోవు. ఒక గ్లాసు మంచినీటిలో రెండు చుక్కల పెట్రోలు కలిపి మీటరు ముంచితే అంకె కదలదు. దాదాపు అన్ని పురుగుమందుల విషయమూ అంతే. టీడీఎస్ తక్కువగా ఉందంటే నీటిలో లవణాలు తక్కువని అర్థం, అంతకుమించి మరేమీ కాదు.

మరిగించడం గురించి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. కలరా, టైఫాయిడ్ భయం ఉన్న రోజుల నుంచి మనకు అలవాటైన మంచి పద్ధతి అది. కానీ నీటిలో నైట్రేటు, సీసం, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ వంటివి ఉంటే మరిగించినకొద్దీ నీరు ఆవిరై అవి మరింత చిక్కబడతాయి. పెట్రోలు వంటి ఆవిరయ్యే పదార్థాలు ఉంటే అవి గిన్నెలో నుంచి లేచి వంటగది గాలిలో చేరతాయి, అంటే తాగవలసినదాన్ని పీలుస్తాము. మీకు గీజరు నీటిలోనే వాసన ఎక్కువగా రావడానికి కారణం ఇదే: వేడి తగిలి ఆ పదార్థాలు నీటిని వదిలి గాలిలోకి వస్తున్నాయి. తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో వేడినీళ్ళు పోసుకున్నప్పుడు ఊపిరితిత్తులకు చేరేది, తాగిన నీటి ద్వారా చేరేదానికి తీసిపోదు. కనుక కారణం తేలేవరకు ఆ నీటిని తాగడమే కాదు, గీజరులో వేడి చేసి స్నానం చేయడం కూడా ఆపండి. ఆ గర్భిణి విషయంలో మరొక ఆలోచన వద్దు, ఈ రోజు నుంచే వంటకు, తాగడానికి, స్నానానికి వేరే నీరు ఏర్పాటు చేయండి.

ఆర్వో పొర లవణాలను బాగా ఆపుతుంది. బెంజీన్ వంటి చిన్న, విద్యుదావేశం లేని అణువులను పూర్తిగా ఆపుతుందన్న భరోసా లేదు. ఆ యంత్రంలో ఉండే కార్బన్ గొట్టం వాటిని కొంత పీల్చుకుంటుంది గానీ, దాని సామర్థ్యం నిండిన తరువాత వచ్చిన మలినం వచ్చినట్టే కుళాయి దాటి గ్లాసులోకి చేరుతుంది. కొన్ని యంత్రాలకు గొట్టం మార్చమని చెప్పే దీపం ఉన్నా, అది గడిచిన కాలాన్నో నడిచిన నీటినో లెక్కపెడుతుంది గానీ గొట్టం నిజంగా నిండిందో లేదో చూడదు.

వేపగుంట అమ్మ

ప్రయోగశాల గారూ, మీరు రాసినది చదివాక నాకు మరో అనుమానం వచ్చింది. 2020 మే 7న తెల్లవారుజామున వెంకటాపురంలోని కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది చనిపోయిన సంగతి మనందరికీ తెలుసు. మేము ఆ వేకువన పిల్లలను బండి మీద ఎక్కించుకుని దూరంగా వెళ్ళిపోయాము. తిరిగి వచ్చాక మొదట భయపడింది గాలి గురించి కాదు, నీటి గురించే. మూతలేని తొట్టెలు, నూతులు, మేడమీది ట్యాంకులు అన్నీ అలాగే ఉన్నాయి. మేఘాద్రి గెడ్డ జలాశయం ఆ కర్మాగారానికి దగ్గరలోనే ఉంది కనుక అప్పట్లో అక్కడి నుంచి నగరానికి నీరు తీసుకోవడం ముందుజాగ్రత్తగా ఆపివేశారు. స్టైరీన్ నీటిలో పడితే ఎన్నాళ్ళు ఉంటుంది? ఇంత కాలం తరువాత కూడా ఆ ప్రభావం ఇలా వాసనగా బయటపడే అవకాశం ఉందా?

ప్రయోగశాల

అమ్మా, ఆ రోజు స్టైరీన్‌కూ మర్రిపాలెం సంపుకూ సంబంధం ఉండే అవకాశం లేదని చెప్పగలను. స్టైరీన్ నీటికన్నా తేలిక. ఒక లీటరు నీటిలో సుమారు 300 మిల్లీగ్రాములకు మించి కరగదు, ఆరుబయట నీటి ఉపరితలం నుంచి త్వరగా ఆవిరవుతుంది, గాలి తగిలే నీటిలో సూక్ష్మజీవులు దానిని విచ్ఛిన్నం చేస్తాయి. తెరిచి ఉన్న జలాశయంలో అది ఏళ్ళ తరబడి నిలవదు. తాగునీటిలో స్టైరీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 20 మైక్రోగ్రాములు. కాబట్టి అప్పట్లో జలాశయం నీటిని ఆపి, పరీక్షించాకే వాడాలనుకోవడం సరైన పనే.

ఇక్కడ అందరూ తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. 2012లో ప్రచురించిన మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పట్టికల్లో సీసం, ఆర్సెనిక్, పాదరసం, పురుగుమందులు, క్లోరినేషన్ వల్ల పుట్టే క్లోరోఫాం వంటివి ఉన్నాయి గానీ, స్టైరీన్ పేరు గానీ బెంజీన్ పేరు గానీ లేవు. మీరు సీసా పట్టుకెళ్ళి "తాగునీటి పరీక్ష చేయండి" అని అడిగితే, పీహెచ్, గట్టిదనం, క్లోరైడ్లు, నైట్రేట్, ఇనుము, కోలిఫాం చూసి అన్నీ హద్దుల్లో ఉన్నాయని కాగితం ఇస్తారు. ఆ కాగితం అబద్ధం కాదు. అడగని ప్రశ్నకు అందులో జవాబు ఉండదు, అంతే.

తాటిపూడి నీరు

నేను నీటి సరఫరా పనుల్లో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. మర్రిపాలెం వాసి గారూ, ప్రయోగశాలకు డబ్బు కట్టే ముందు ఖర్చులేని పని ఒకటి చేయండి. మీ సంపులో రెండు నీళ్ళు కలుస్తున్నాయి కనుక, కలిసిన తరువాత ఎంత వాసన చూసినా తప్పు ఎక్కడ ఉందో తేలదు. కుళాయి నీరు వదిలే వేళకు సంపులో పడకముందే, మీటరు దగ్గర ఒక గాజు సీసా నిండా పట్టండి. బోరు మోటారును పది నిమిషాలు నడిపి, గొట్టంలో నిలిచిన నీరు పోయాక, బోరు మూతి దగ్గరే రెండో సీసా పట్టండి. సంపు నుంచి ఒకటి, మేడమీది ట్యాంకు నుంచి ఒకటి తీసుకోండి. అన్నిటిలోనూ సగం నీరు ఒంపేసి, మూత బిగించి, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో కాసేపు నిలబెట్టి, గట్టిగా ఊపి, మూత తీస్తూనే ఒక్కసారి వాసన చూడండి. ముక్కు దగ్గరే పెట్టుకుని పీల్చవద్దు, చేత్తో గాలిని మీ వైపు విసురుకుంటే చాలు. మనిషి ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది కనుక, సీసాకూ సీసాకూ మధ్య బయట కాసేపు తిరిగి రండి. వేరొకరి చేత కూడా చూపించండి, ఏ సీసా ఎక్కడిదో వారికి చెప్పకండి.

ఇంకో మాట. నగరానికి నీరు ఒక్కచోటి నుంచి రాదు. గోస్తనీ నది మీది తాటిపూడి, శారదా నది మీది రైవాడ, మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ, గంభీరం, ఇవిగాక ఏలేరు నుంచి దాదాపు 150 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే కాలువ, ఆ కాలువలోకి ఎత్తిపోసే గోదావరి నీరు. ఏ పేటకు ఏ నీరు వస్తుందో చాలామందికి తెలియదు. తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఒక వనరులో తేడా వస్తే ఆ వనరు మీద ఆధారపడిన పేటలన్నిటా ఒకేసారి ఫిర్యాదులు రావాలి. మీ ఒక్క అపార్టుమెంటులోనే వస్తోందంటే కారణం మీ గోడల లోపల గానీ, మీ వీధిలో గానీ ఉంటుంది. పక్క భవనాలవారిని తప్పక అడగండి.

ఒహాయో తెలుగు

మాది పూర్వం అక్కయ్యపాలెం, ఇప్పుడు సిన్సినాటిలో ఉంటున్నాము. పై చర్చకు పనికివస్తుందని ఒక సంగతి రాస్తున్నాను. 2014 జనవరి 9న వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్ పట్టణం దగ్గర, ఎల్క్ నది ఒడ్డున ఉన్న ఒక నిల్వ ట్యాంకుకు చిల్లుపడి, బొగ్గు శుద్ధికి వాడే ఎంసీహెచ్ఎం అనే రసాయనం నదిలోకి కారింది. కారినది దాదాపు పదివేల గ్యాలన్లని తరువాత లెక్క తేలింది. అక్కడికి దిగువన రెండున్నర కిలోమీటర్ల లోపే పట్టణానికి నీరు తోడే చోటు ఉంది. తొమ్మిది కౌంటీలలో మూడు లక్షల మందికి, ఆ నీటితో స్నానం కూడా చేయవద్దు, మరుగుదొడ్డికి, మంటలార్పడానికి తప్ప వాడవద్దు అని ఆ సాయంత్రం చెప్పారు. ప్రజలకు మొదట తెలిసింది వాసన వల్లనే. అతిమధురం వేరు నమిలినప్పటి వంటి తియ్యని వాసన అది.

నన్ను కలవరపెట్టినది ఏమిటంటే, ఆ రసాయనం తాగితే ఏమవుతుందో చెప్పే పరిశోధన అప్పటికి దాదాపు లేదు. జంతువుల మీద జరిగిన కొద్దిపాటి ప్రయోగాల ఆధారంగా, లీటరుకు ఒక మిల్లీగ్రామును హద్దుగా అప్పటికప్పుడు లెక్కగట్టారు. నిషేధం ఎత్తివేశాక గర్భిణులు మాత్రం మరికొన్నాళ్ళు సీసా నీళ్ళే తాగాలని చెప్పారు. కారినదానిలో మరో రసాయనం కూడా కలిసి ఉందని ఆ సంస్థ పన్నెండు రోజుల తరువాత బయటపెట్టింది. ఈలోగా అది దివాలా పిటిషన్ కూడా వేసింది.

ఆ రసాయనం ఎల్క్ నుంచి కనావా నదికి, అక్కడి నుంచి ఒహాయో నదికి వచ్చింది. మా ఊరు కూడా ఒహాయో నీరే తాగుతుంది. అయితే ఎగువన ఏం కలిసిందో, ఎప్పుడు ఇక్కడికి చేరుతుందో మా నీటి సంస్థకు ముందే తెలుసు కనుక, అది దాటిపోయేవరకు నది నుంచి తోడే ద్వారాలు మూసివేసి, నిల్వ ఉంచిన నీటిని సరఫరా చేశారు. పైగా ఇక్కడ 1992 నుంచి నీటిని కార్బన్ పడకల గుండా వడకట్టే ఏర్పాటు ఉంది. రసాయనం ఒకటే, నది వరస ఒకటే. ఒక ఊరికి తెలియదు, ఒక ఊరికి తెలుసు. తేడా అంతా అక్కడే వచ్చింది.

వేపగుంట అమ్మ

ఒహాయో తెలుగు గారూ, మీరు రాసినది మేఘాద్రి గెడ్డకు అచ్చంగా వర్తిస్తుంది. ఆ జలాశయంలోకి వర్షపు నీరు దిగే కొండవాలుల్లో, గెడ్డల పక్కన, ఏ కర్మాగారంలో ఏ ట్యాంకులో ఏ రసాయనం ఎంత నిల్వ ఉందో ఒక సామాన్యురాలు అడిగితే చెప్పే కాగితం ఎక్కడ దొరుకుతుంది? 2020కి ముందు మా వీధిలో ఒక్కరికి కూడా స్టైరీన్ అన్న పేరు తెలియదు. గాలిలో పీల్చాక తెలుసుకున్నాము. నీటి విషయంలో కూడా తాగాకే తెలుసుకోవాలా?

మర్రిపాలెం వాసి

తాటిపూడి నీరు మాస్టారు చెప్పినట్టే చేశాము. మీటరు దగ్గర పట్టిన కుళాయి నీటిలో క్లోరిన్ వాసన స్వల్పంగా ఉంది, మరే వాసనా లేదు. బోరు నీటి సీసా మూత తీయగానే పక్కన నిలబడ్డ వాచ్‌మన్ కూడా మొహం తిప్పుకున్నాడు. వెలుతురుకు ఎదురుగా ఆ సీసాను వంచి చూస్తే నీటి పైభాగంలో, గాజుకు ఆనుకున్న అంచు వెంట, ఇంద్రధనుస్సు రంగులతో దారమంత సన్నని పొర కనిపించింది. సంపులో తక్కువ, మేడమీది ట్యాంకులో ఇంకా తక్కువ. సంపుకు ఈ మధ్య రంగు, పూత ఏవీ వేయలేదని అసోసియేషన్ లెక్కల పుస్తకం చూసి నిర్ధారించుకున్నాను. వెనక వీధిలోని రెండు ఇళ్ళవారు కూడా తమ బోరులో ఇదే వాసన అన్నారు. మా వీధి చివర ఒకప్పుడు ఇంధనం నిల్వ చేసి, చాలాకాలం క్రితం మూసేసిన స్థలం ఒకటి ఉంది. అక్కడి నేలలోని ట్యాంకులు తీశారో లేదో ఎవరికీ తెలియదు. బోరు మోటారు తీగ విప్పించి, సంపు ఖాళీ చేయిస్తున్నాము.

ప్రయోగశాల

ఇప్పుడు డబ్బు ఖర్చు పెట్టవచ్చు. ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు ఫోను చేసి, గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో ఆవిరయ్యే సేంద్రియ పదార్థాలు చూడగలరా, బెంజీన్, టోలూయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ విడివిడిగా అంకెలిస్తారా అని ముందే అడగండి. ఆ పరీక్షకు వారి గుర్తింపు పత్రంలో చోటు ఉందో లేదో కూడా అడగాలి, ఎందుకంటే గుర్తింపు ఒక్కొక్క పరీక్షకు విడిగా ఇస్తారు. నీరు పట్టే పద్ధతిలోనే సగం ఫలితం ఉంటుంది. ప్లాస్టిక్ సీసా పనికిరాదు. ఈ పదార్థాలు ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతాయి. వారే ఇచ్చే నలభై మిల్లీలీటర్ల ముదురు గోధుమరంగు గాజు బుడ్డిలో, నీరు చిమ్మకుండా గోడ వెంట నెమ్మదిగా నింపి, అంచు మీద నీరు ఉబ్బెత్తుగా నిలిచాక మూత బిగించాలి. తలకిందులు చేస్తే లోపల ఒక్క గాలి బుడగ కూడా కనిపించకూడదు. బుడగ ఉంటే ఆవిరి అందులోకి చేరి, లెక్క తక్కువ వస్తుంది. ఐసు పెట్టెలో ఉంచి వెంటనే చేర్చండి.

వాసన గురించి ఒక హెచ్చరిక కూడా. నీటిలో టోలూయీన్, జైలీన్ చాలా కొద్దిగా ఉన్నా ముక్కుకు తెలుస్తాయి. బెంజీన్ అలా కాదు. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 0.01 మిల్లీగ్రాము; అది వాసనకు తెలియాలంటే లీటరుకు పది మిల్లీగ్రాముల వరకు ఉండాలి, అంటే వెయ్యి రెట్లు. బెంజీన్ మనుషుల్లో రక్త క్యాన్సరు కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. కనుక ట్యాంకు కడిగాక వాసన పోయింది, ఇక తాగవచ్చు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

సింహగిరి

అయితే కార్పొరేషన్ నీరు బాగుంది, చెడింది ఒక సొంత బోరు. బోరు మూసేస్తే సమస్య తీరినట్టే కదా? ఊరి నీరంతా విషమైందన్న భావన ఈ చర్చ చదివినవారికి కలగకూడదని నా కోరిక.

పరవాడ రైతుబిడ్డ

సింహగిరి గారూ, మీ కోరిక మంచిదే. కానీ బోరు మూసేస్తే సమస్య తీరుతుందన్న మాట దగ్గర నేను ఆగిపోతున్నాను. మా పరవాడ వైపు ఫార్మా సిటీ వచ్చాక భూగర్భజలం గురించి తాడి, తానాం వంటి గ్రామాలవారు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. తాడి గ్రామస్థులు తమ ఊరినే వేరేచోటికి తరలించమని అడుగుతున్నారు. తాతలనాటి నుయ్యిని వాడవద్దని చెప్పినప్పుడు మాకు ట్యాంకరు నీళ్ళు వచ్చాయి, ఆ తరువాత కుళాయి వచ్చింది. దాంతో విషయం ముగిసిందని అందరూ అనుకున్నారు. కానీ ఆ నేల కింది నీరు అక్కడే ఉంది. ఆ నీటితోనే పశువులు బతకాలి, కూరమడి తడవాలి. మనిషి తాగడం మానేసినంత మాత్రాన నీరు బాగుపడదు. మర్రిపాలెంలో ఒక బోరు మూస్తే, మలినం ఇంకో బోరు వైపు నడుస్తుంది.

తాటిపూడి నీరు

రైతుబిడ్డ చెప్పినది అక్షరాలా నిజం. మన ప్రాంతపు నేల కింద ఉన్నది ఎక్కువగా ఖోండలైటు రాయి. పైన ఎర్రమట్టి, దాని కింద మెత్తబడిన రాయి, ఆ కింద పగుళ్ళు. నీరు ఆ పగుళ్ళ వెంట నడుస్తుంది గనుక, ఎటు ఎంత దూరం పోతుందో పైనుంచి చూసి చెప్పలేము. ఆనుకుని ఉన్న బోరు శుభ్రంగా ఉండి, రెండు వీధుల అవతలి బోరు చెడవచ్చు. ఎవరు ఎక్కువ తోడితే అటు లాగుతుంది.

సింహగిరి గారి ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఉంది, అది కార్పొరేషన్ నీటికి సంబంధించినదే. మన కుళాయిలు రోజంతా రావు. నీరు ఆగిన వేళల్లో గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అతుకు వదులైన చోట చుట్టూ ఉన్న నేలలోని తడిని అది లోపలికి పీలుస్తుంది. మురుగు కలవడం మనం తరచు వినేది ఈ దారినే. ఇంధనం నిండిన నేల అయితే మరో ప్రమాదం ఉంది. పాలిథీన్ గొట్టాల గోడ గుండా, పగులు ఏమీ లేకపోయినా, బెంజీన్, టోలూయీన్ వంటివి నెమ్మదిగా లోపలికి ఇంకుతాయి. అతుకుల రబ్బరు వాషర్ల గుండా కూడా అంతే. చాలా ఇళ్ళకు వీధి గొట్టం నుంచి మీటరు దాకా వచ్చేది ఆ నల్లని పాలిథీన్ గొట్టమే. ఈ రోజు మీటరు దగ్గర వాసన లేదు సరే, కానీ రాత్రంతా గొట్టంలో నిలిచి ఉదయం మొదట వచ్చే బిందెడు నీటిని కూడా పరీక్షకు పంపండి. ఆ వీధిలో గొట్టం ఏ నేల గుండా పోతోందో నీటి విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఇది ఒక్క అపార్టుమెంటు సొంత వ్యవహారం కాదు.

మహారాణిపేట వకీలు

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలో ప్రవాహం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో భూగర్భజలం కూడా ఉంది. 24వ సెక్షన్ ప్రకారం విషపదార్థం బావిలోకి గానీ నేల మీదికి గానీ చేరేలా తెలిసి చేయడమూ, చేరనివ్వడమూ నిషిద్ధమే. అయితే చట్టపరమైన చర్యకు మీ సొంత ప్రయోగశాల నివేదిక ఒక్కటే చాలకపోవచ్చు. నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, ముద్ర వేసి తీసుకునే అధికారం 21వ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలికి ఉంది. మీ నివేదికను జతచేసి, అలా నమూనా తీయమని కోరుతూ దరఖాస్తు పెట్టండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళవలసి వస్తే, 14వ సెక్షన్ కింద వేసే దరఖాస్తుకు కారణం తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల గడువే ఉంటుంది. పరిహారం కోరే దరఖాస్తుకు అయిదేళ్ళు. మన రాష్ట్రం చెన్నైలోని దక్షిణ ధర్మాసనం కిందికి వస్తుంది. మంచిమాటలతో తేలుతుందని ఎదురుచూస్తూ ఆ ఆరు నెలలు పోగొట్టుకున్నవారిని చూశాను.

వేపగుంట అమ్మగారు అడిగిన కాగితం గురించి. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతికి 1989లో చేసిన నిబంధనలు ఉన్నాయి. వాటి 15వ నిబంధన ప్రకారం, పెద్ద ప్రమాదం జరిగితే ఎవరికి హాని కలగవచ్చునో వారికి ఆ ప్రమాద స్వభావమూ, అప్పుడు ఏమి చేయాలో, ఏమి చేయకూడదో ముందే తెలియజేయాలి. కనుక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. మేఘాద్రి గెడ్డ పరీవాహక ప్రాంతంలో ఈ నిబంధనల కిందికి వచ్చే నిల్వలు ఏవి, ప్రమాదం జరిగితే నీరు తోడటం ఆపమని ఎవరు ఎవరికి చెప్పాలి, ఆ ప్రణాళికలో తాగునీటి ప్రస్తావన ఉందా, ఈ మూడే అడగండి. ఎక్కువ అడిగితే పలుచని జవాబు వస్తుంది.

మన తెలుగునాట నుంచే వెళ్ళిన ఒక కేసు కూడా గుర్తుచేస్తాను. హైదరాబాదు తాగునీటి జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో పెట్టదలచిన ఒక నూనెల పరిశ్రమ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు, 1999 నాటి తీర్పులో ముందుజాగ్రత్త సూత్రాన్ని కోర్టు వివరించింది: హాని ఉండదని రుజువు చేయవలసిన భారం పరిశ్రమ పెట్టదలచినవారి మీదే ఉంటుంది, నీరు తాగేవారి మీద కాదు. మేఘాద్రి గెడ్డ కోసం రాసే ప్రతి అర్జీలోనూ ఈ మాట ఉండాలి.

మర్రిపాలెం వాసి

నివేదిక వచ్చింది. బోరు నీటిలో నాలుగూ ఉన్నాయి. బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన విలువను దాటింది. మీటరు దగ్గర ఉదయం మొదట పట్టిన కుళాయి నీటిలో ఏదీ పరికరానికి అందే స్థాయిలో లేదు. సంపు కడిగించి, బోరు గొట్టం కోయించి, కుళాయి నీరు మాత్రమే వాడుతున్నాము. ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్ళింది. అయితే బోరును కాంక్రీటుతో పూడ్పించాలని అసోసియేషన్‌లో చాలామంది అంటున్నారు. పూడ్చవచ్చా?

ప్రయోగశాల

ఇప్పుడే వద్దు. మలినం పెరుగుతోందో, తగ్గుతోందో, ఎటు కదులుతోందో చూడటానికి ఆ బోరే ఇప్పుడు మీ వీధి మొత్తానికీ ఉన్న కిటికీ. మండలి వారు నమూనా తీయవలసింది కూడా అక్కడే. మూతికి తాళం వేసే ఇనుప మూత బిగించి, మోటారు బయటికి తీయించండి, తాగరాదని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. వెనక వీధి ఇళ్ళవారి బోర్లను కూడా ఇదే ప్రయోగశాలలో చూపించండి. వారు ఇంకా ఆ నీటినే తాగుతూ ఉంటే, మీ కుళాయి నుంచి వారికి నీరు ఇవ్వడం దరఖాస్తులకన్నా ముందు జరగవలసిన పని. మీ పాలిథీన్ గొట్టం మార్చేవరకు ఉదయం మొదటి బిందెడు నీళ్ళు వంటకు పట్టకండి, మూడు నెలలకొకసారి కుళాయి నీటిని మళ్ళీ పరీక్షకు పంపండి.

వేపగుంట అమ్మ

వకీలు గారు చెప్పిన మూడు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు తెలుగులో రాసి, ఈ రోజు పోస్టులో పంపాను. నకలు కావలసినవారు ఇక్కడ అడిగితే ఇస్తాను. ఒకే దరఖాస్తు కన్నా గోపాలపట్నం, వేపగుంట, నరవ, పెందుర్తి నుంచి వేరువేరుగా వెళితే మంచిదని నా అభిప్రాయం. రైవాడ నీరు, ఏలేరు కాలువ నీరు తాగే పేటలవారు తమ వనరు పేరు మార్చి అవే ప్రశ్నలు అడగవచ్చు.

పరవాడ రైతుబిడ్డ

అమ్మా, నకలు నాకు పంపండి. మా ఊరి పేరుతో, భూగర్భజలం గురించి నాలుగో ప్రశ్న చేర్చి పెడతాను.